పదకొండో తప్పు

ఇల్లు, ముందుగది
ఫిబ్రవరి 9

జడలమ్మకి,

ఫోన్లో నువ్వు "ఆఁ? ఏంటి పిన్నీ? గట్టిగా చెప్పు" అంటావు. నేను గట్టిగానే చెబుతున్నాననుకుంటాను. మీ బాబాయి బాగుచేస్తున్న తూకం మిషను పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నీ గట్టి నీకే వినపడుతుందోయ్, దానికి కాదు" అని ఫోను లాక్కుంటాడు. ఆరో తరగతిలో నిలబడి మాట్లాడితే పక్కగదిలో తొమ్మిదో తరగతివాళ్ళు సర్దుకు కూర్చున్న గొంతు నాది. ఇప్పుడు గాలి వస్తోంది, మాట రావడంలేదు. అందుకే ఉత్తరం.

ఇంకో కారణం కూడా ఉంది. ఇది హోంవర్కు. నవ్వకు. పార్కిన్సన్స్ అంటే చెయ్యి వణకడమే అనుకున్నాను ఇన్నాళ్ళూ. వణుకు బయట వేలాడే బోర్డు మాత్రమేనట, అసలు కొట్టు లోపలుందట. ఒక పని తర్వాత ఏ పని చెయ్యాలో వరసపెట్టుకోవడం, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారడం, రెండు సంగతులు ఒకేసారి మనసులో పట్టుకోవడం. అవి జారుతున్నాయట. డాక్టరుగారు ఆసుపత్రి వెనక మేడమీద గదికి పంపారు. వారానికి రెండుసార్లు, పన్నెండు వారాలు. బుర్రకి డ్రిల్లు.

అక్కడ ఒక అమ్మాయి ఉంది. నీకన్నా రెండేళ్ళు పెద్దదేమో. పేకముక్కల్లాంటి కార్డులు ఇస్తుంది. "రంగుని బట్టి వెయ్యండి మేడమ్" అంటుంది. వేస్తాను. పది కార్డులయ్యాక, "ఇప్పుడు ఆకారాన్ని బట్టి" అంటుంది. నేను మళ్ళీ రంగుని బట్టే వేస్తాను. చెయ్యి ఆగదు. తప్పని తెలుస్తూనే ఉంటుంది, అయినా ఎర్రకార్డు ఎర్రవాటి మీదకే పోతుంది. కొత్త నియమం నేర్చుకోవడం మీకు కష్టం కాదు మేడమ్, పాతది వదలడమే కష్టం, అంది. నేను దానికి పేకముక్కల పిల్ల అని పేరు పెట్టాను.

అసలు సంగతి రాయడానికి ఇంతసేపు పట్టింది. స్కూల్లో నా టైంటేబులు సంగతి. ఇరవై రెండేళ్ళు వేశాను. పద్నాలుగు తరగతులు, రోజుకి ఎనిమిది పీరియడ్లు, ఆరు రోజులు. టీచర్లకి పేర్లు కాదు, నంబర్లు. హెడ్మాస్టరుగారు ఒకటి, లెక్కల్లో అందరికీ సున్నాలు చుట్టే మా సున్నాల సారు ఇరవై, నేను అయిదు, భూగోళం చెప్పే మీ అమ్మ నాలుగు. సోమవారం మొదటి పీరియడ్ నాలుక్కి ఎప్పుడూ లీజర్ ఇచ్చేదాన్ని, క్లాసు లేకుండా ఖాళీగా. ఆదివారమంతా ఎగిరెగిరి చిక్కులు పెట్టుకున్న నీ జుట్టు రెండు జడలయ్యేసరికి ఆ పీరియడ్ గడిచిపోయేది. స్టాఫ్‌రూమ్‌లో నీ ఏడుపు, మీ అమ్మ దువ్వెన. అక్క పోయి ఆరేళ్ళు. ఆ నంబరు ఎవరికీ ఇవ్వలేదు. కొత్తవాళ్ళు వస్తే చివర్న కలిపాను, పోయినేడు వచ్చిన భూగోళం అమ్మాయితో ఇరవై మూడు దాకా వచ్చాం.

పోయినేడు నా చార్టులో రెండు క్లాసులు కొట్టుకున్నాయి. ఈ ఏడు హెడ్మాస్టరుగారు, "మీరు ఆ ట్రైనింగేదో పూర్తిచెయ్యండి. ఏప్రిల్ చివరికి మీ చార్టు వస్తే మీదే. లేకపోతే సున్నాల సారు వేస్తారు" అన్నారు. మర్యాదగానే అన్నారు. మర్యాదగా అన్నందుకే రెండు రోజులు అన్నం సయించలేదు.

చూశావా, పేజీ పైన గుమ్మడికాయల్లా రాశాను, కిందకి వచ్చేసరికి ఆవగింజలయ్యాయి. ఆ పిల్ల కొలుస్తుంది కూడాను.

నీ పిన్ని


ప్రెస్సు, రెండో అంతస్తు, ప్రూఫుల గది
ఫిబ్రవరి 20

పిన్నీ,

ఆవగింజలన్నీ చదివాను. ప్రూఫులు చూసేదాన్ని, ఆవగింజలు చదివినందుకే నాకు జీతం. జడలమ్మ అని పిలవడం మాత్రం మానవా? జుట్టు కత్తిరించేసి ఏడాదైంది. జడ పోయింది, పేరు మిగిలింది.

ఇది నా మూడో ఉద్యోగం. కుర్చీకి ఒక కాలు పొట్టి, కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ. ఎప్పటిలాగే రెండో నెలకే పారిపోవాలనిపించింది. పారిపోనిది మా పెద్దాయన వల్ల. నలభై ఏళ్ళుగా ఎర్రకలం పట్టుకున్న మనిషి. మొదటివారంలో నేను ఒక పేజీలో తప్పు కనబడితే చెరిపేసి, చక్కగా సరైన అక్షరం రాసేశాను. ఆయన ఆ పేజీ ఎత్తి దీపం దగ్గర పెట్టి, "ఇక్కడ ఎవరో దొంగతనం చేశారు" అన్నారు. గుర్తు పెట్టకుండా దిద్దకూడదట. రాసినవాడికి తన తప్పు తను చూసుకునే హక్కుందట. ఇంకోటి నేర్పారు. పొరపాటున కొట్టేసిన మాటని మళ్ళీ ఉంచాలంటే, దాని కింద వరసగా చుక్కలు పెట్టాలి. "దీన్ని ముట్టుకోకు, ఉండనీ" అని అర్థం. నాకు ఆ గుర్తు భలే నచ్చింది. కాంటీన్ టీ మీద తప్ప అన్నిటిమీదా పెట్టాలనిపిస్తుంది.

నువ్వు ఆ టైంటేబులు వెయ్యగలవు పిన్నీ. నాకు తెలుసు. స్కూలు మొత్తం నీ తలలో నడుస్తూ ఉంటే, చిన్నప్పుడు భోజనాల బల్ల దగ్గర నువ్వు గాల్లోకి చూస్తూ "గురువారం ఆరు, శుక్రవారం రెండు" అని గొణగడం, అమ్మ "దీనికి ముద్ద నోట్లో పెట్టాలి, లేకపోతే ఎనిమిదో పీరియడ్ దాకా తినదు" అనడం నేను మర్చిపోలేదు.

పేకముక్కల పిల్లని నా తరఫున గిల్లు.

నీ జడ లేని జడల


ఇల్లు, వంటింటి బల్ల
మార్చి 17

జడలమ్మా,

అయిదు వారాలయ్యాయి. ఇది చదివి మీ బాబాయికి ఫోన్ చేసి కంగారు పెట్టకు.

మొన్న నడుస్తూ వారాలు చెప్పమంది, ఒకటి విడిచి ఒకటి. సోమ, బుధ అనేసరికి కాళ్ళు నేలకి అతుక్కున్నాయి. వారం చెబితే నడవలేను, నడిస్తే వారం రాదు. వరండా మధ్యలో ఒక టీచరు, వయసు యాభై ఆరు, శుక్రవారం కోసం నిలబడిపోయింది. ఎదురుగా బల్లమీద మీ బాబాయి, పెదాలు కదిపి "శుక్ర, శుక్ర" అని అందిస్తున్నాడు. ఆ పిల్ల "సార్, కాపీ కొట్టించకండి" అని బయటికి పంపేసింది. ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు, ఏదో నేనే పంపించినట్టు.

ఇంకో రోజు టీ పెట్టాను. టీపొడి కప్పులో వేశాను. చక్కెర టీపొడి డబ్బాలో పోశాను. ఆయన ఆ డబ్బా మొత్తం పారెయ్యకుండా వారం రోజులు తాగాడు. "కొలత కుదిరింది" అంటాడు. తూకాలవాడు కదా.

అయితే ఒక పద్ధతి నేర్పింది. నాలుగు మాటలు. ఆగు, చెప్పు, చెయ్యి, చూడు. పని మొదలెట్టే ముందు ఆగాలి, చెయ్యబోయేది పైకి చెప్పాలి, అదొక్కటే చెయ్యాలి, అయ్యాక తిరిగి చూడాలి. "గిన్నె పెడుతున్నాను. నీళ్ళు పోస్తున్నాను." పిచ్చిదానిలా నాలో నేను. కానీ నిన్న టీ సరిగ్గా వచ్చింది. ఇంకోటి, కిటికీ అట్ట. అట్టముక్కలో ఒక సన్నటి కిటికీ కత్తిరించి ఇచ్చింది. కాగితం మీద పెడితే ఒక్క వరసే కనిపిస్తుంది, మిగతా గందరగోళం మూసుకుపోతుంది.

"ఇలా చేస్తే తగ్గుతుందా అమ్మా?" అని అడిగాను. దాని మొహం చూడాల్సింది. అబద్ధం చెప్పడం ఇంకా నేర్చుకోలేదు పాపం. "జబ్బు తగ్గదు మేడమ్. మిగిలినదాన్ని ఎలా వాడుకోవాలో వస్తుంది. కార్డుల్లో బాగైతే టైంటేబుల్లో బాగవుతుందని నేను మాటివ్వలేను" అంది. కోపం వచ్చింది. మెట్లు దిగుతున్నప్పుడు ఆ కోపం పోయింది. నేనూ పిల్లలకి అలాగే చెప్పేదాన్ని, పాసవుతావని మాటిచ్చేదాన్ని కాదు.

చార్టు మొదలుపెట్టాను.

పిన్ని


ఇల్లు, ముందుగది
ఏప్రిల్ 24

జడలమ్మా,

ఇందులో చార్టు ఉంది. ముప్పై ఒక్క రోజులు పట్టింది. ఒకప్పుడు రెండు ఆదివారాల పని. నంబర్ల జాబితా వెనక రాశాను.

సరిగ్గానే ఉందనుకుంటున్నాను. కానీ ఒక వరస చూస్తుంటే దాని పై వరస మనసులోంచి జారిపోతోంది, అందుకని నమ్మకంగా చెప్పలేను. నువ్వు తప్పులు చూసేదానివి. చూసిపెట్టు. తప్పుంటే నువ్వు దిద్దకు, మీ పెద్దాయన చెప్పినట్టు గుర్తు పెట్టు చాలు. నేనే దిద్దుకుంటాను. ఎన్ని ఉన్నా సరే. పదో తారీకులోగా ఇస్తే చాలని గడువు పెంచారు.

నిజంగా, ఎన్ని ఉన్నా సరే.

పిన్ని


ప్రూఫుల గది
మే 3

పిన్నీ,

ఒకే ఒక్క తప్పు! బుధవారం నాలుగో పీరియడ్‌లో డ్రిల్లు మేష్టారు రెండు చోట్ల ఉన్నాడు. ఒక గంట కొట్టి రెండు మైదానాల్లో పరిగెత్తించాలంటే ఆయన పొట్ట ఒప్పుకోదు కదా, అది మార్చాను. అంతే. మిగతాదంతా అద్దంలా ఉంది.

ఒక క్షమాపణ. నా బల్లమీద టీ ఒలికి నీ కాగితం పాడైంది. అందుకని మొత్తం శుభ్రంగా తిరగరాసి పంపుతున్నాను. ఇదే ఇచ్చెయ్యి. చేతిరాత నాదైనా బుర్ర నీది.

ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

జడల


ఇల్లు, వరండా
జూన్ 19

జడలమ్మా! నా బంగారు తల్లీ!

స్కూలు తెరిచి పదిరోజులు. ఒక్క క్లాసూ కొట్టుకోలేదు! ఒక్కటీ! మొదటిరోజు ప్రతి గంటకీ వరండాలోకి తొంగిచూశాను. గంట కొడతారు, ఎవరి గదిలోకి వాళ్ళు వెళతారు. ఎవరూ వరండాలో మిగల్లేదు. స్టాఫ్‌రూమ్‌లో సున్నాల సారు లేచి నిలబడి, "మేడమ్, నేను పెన్సిలు చెక్కి సిద్ధంగా ఉంచుకున్నాను. మళ్ళీ డబ్బాలో పెట్టేసుకుంటున్నా" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఎవరికో నూటికి నూరు వేశాడు.

హెడ్మాస్టరుగారు "ఇది చూశాక ఇంక ఆసుపత్రెందుకండీ మీకు" అన్నారు. నిజమే కదా? ఆ మెట్లెక్కడం, ఆ కార్డులు. ఇంకా ఎనిమిది సార్లు మిగిలాయి, మధ్యలో జ్వరం వచ్చి, మే అంతా ఆ గది మూసేసి చాలా పోయాయి కదా. మానేశాను. ఆ పిల్ల "మేడమ్, ఇప్పుడే మీ తప్పు మీకు కనిపించడం మొదలైంది, ఇప్పుడు మానొద్దు" అంది. పద్నాలుగు తరగతుల టైంటేబులు ఒక్క తప్పుతో వేసినదాన్నమ్మా, ఇంకేం తప్పులు చూసుకోవాలి, అన్నాను. కొంచెం పొగరుగానే అన్నాను. ఎన్నాళ్ళయిందో పొగరుగా మాట్లాడి!

కిటికీ అట్ట మీ బాబాయికిచ్చేశాను. దానిమీద స్క్రూలు పెట్టుకుంటున్నాడు.

నీ పిన్ని, నంబరు అయిదు


ప్రూఫుల గది
జూన్ 28

పిన్నీ,

చాలా సంతోషం. కానీ ట్రైనింగు ఎందుకు మానేశావు? బాగున్నప్పుడే కదా కొనసాగించాలి. హెడ్మాస్టరుగారు డాక్టరా? ఆయన మాట వినకు. ఇంకా ఎనిమిది సార్లే కదా. నా కోసం వెళ్ళు. దయచేసి వెళ్ళు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. మళ్ళీ వివరంగా రాస్తాను.

జడల


ఇల్లు, ముందుగది
ఆగస్టు 19

జడలమ్మకి,

నువ్వు వివరంగా రాస్తానని ఏడు వారాలు. పోనీ, నేనే రాస్తాను.

పరీక్షలు వచ్చాయి. ఏ గదిలో ఎవరు కాపలా ఉండాలో ఆ డ్యూటీ చార్టు. టైంటేబులుతో పోలిస్తే పిల్లలాట. హెడ్మాస్టరుగారు, "మేడమ్, మీకు అరగంట పని, ఇక్కడే వేసెయ్యండి" అని ఆఫీసుగదిలో కుర్చీ వేశారు. సాయంత్రం దాకా కూర్చున్నాను. నీకు పంపే వ్యవధి లేదు.

మర్నాడు తొమ్మిదిన్నరకి గంట కొట్టారు. ఏడో నంబరు టీచరుకి ఒకే పూట మూడు గదులు. రెండు గదులకి ఎవరూ లేరు. డెబ్భై మంది పిల్లలు ఖాళీ కాగితాలు ముందు పెట్టుకుని కూర్చున్నారు, పేపరిచ్చేవాళ్ళు లేక. వాళ్ళు అల్లరి కూడా చెయ్యలేదే, అది చూడలేకపోయాను. సున్నాల సారు జేబులోంచి పెన్సిలు తీసి నిలబడే సర్దేశాడు, మూడు నిమిషాల్లో. నా వైపు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డాడో.

ఇంటికొచ్చి జాకెట్టు హుక్కులు విప్పుకోవడం రాక మంచం మీద కూర్చుని ఆలోచించాను. ఆగు, చెప్పు. పైకే చెప్పాను. "ఆరు గదులకి వెయ్యలేనిది, పద్నాలుగు తరగతులకి ఎలా వేసింది?"

జవాబు నీ దగ్గరుంది. నాకు నిజం రాయి.

పిన్ని


అద్దెగది
ఆగస్టు 25

పిన్నీ,

పదకొండు తప్పులు.

టీ ఒలకలేదు. ఆ కాగితం నా పెట్టెలోనే ఉంది, దీంతోపాటే పంపుతున్నాను. దానిమీద ఒక్క చుక్క మరక కూడా లేదు.

పది తప్పులదాకా ఎర్రకలం నా చేతిలోనే ఉంది, నమ్ము. ముందు అన్నీ లెక్కపెట్టుకుని, తర్వాత నువ్వు చెప్పినట్టే గుర్తులు పెట్టి పంపాలనుకున్నాను. పదకొండోది చూశాక కలం కింద పెట్టేశాను. ఎందుకో అడగకు. తర్వాత కొత్త కాగితం తీసుకుని మొత్తం తిరగరాశాను. నువ్వు ఎన్ని ఉన్నా సరే అని రెండుసార్లు రాశావు. రెండుసార్లు రాసినందుకే భయపడ్డాను. పదకొండని చెబితే నువ్వు ఆ కుర్చీలోంచి లేవవేమో అనుకున్నాను. నువ్వు గెలిచినట్టు చూడాలనిపించింది పిన్నీ, అమ్మ పోయాక నన్ను నిలబెట్టినదానివి. నిన్ను నిలబెడుతున్నాననుకున్నాను.

నువ్వు ట్రైనింగు మానేశానని రాసినరోజు చెప్పాల్సింది. మూడు ఉత్తరాలు రాసి చించాను. నా అబద్ధం వల్ల రెండు నెలలు పోయాయి నీకు. ఆ పిల్ల నిజం చెప్పి నీతో తిట్లు తింది, నేను అబద్ధం చెప్పి బంగారు తల్లినయ్యాను.

మా పెద్దాయనకి చెప్పాను. "ఆవిడ తప్పులు నువ్వు దొంగిలించావమ్మా. తిరిగి ఇచ్చెయ్యి" అన్నారు. ఇస్తున్నాను.

నేను వస్తాను. సెలవు పెడతాను.

జడల


ఇల్లు
సెప్టెంబరు 1

రావద్దు.

కాగితం అందింది.

పిన్ని


ఇల్లు, వంటింటి బల్ల
అక్టోబరు 7

జడలమ్మా,

నెలరోజులు నీమీద కోపంతో బతికాను. కోపం మంచి టానిక్కే, పొద్దున్నే లేపుతుంది. మీ బాబాయి మధ్యలో పడి, "చిన్నపిల్ల, ప్రేమకొద్దీ చేసింది" అన్నాడు. ప్రేమకొద్దీ తప్పుడు తూకం వేస్తే నువ్వు ఊరుకుంటావా, అన్నాను. వెళ్ళి తన తూకంరాళ్ళు సరిచూసుకున్నాడు.

మళ్ళీ మేడ మెట్లెక్కాను. పేకముక్కల పిల్ల కార్డులు కలుపుతూ కూర్చుంది. చివరికి నేనే అంతా చెప్పి, నీ ఉత్తరం చూపించాను. అది ఒక్క మాటంది. "ఆ కాగితం తీసుకురండి మేడమ్. కార్డులొద్దు, దాన్నే చేద్దాం."

నీ శుభ్రమైన కాపీతో పోల్చి చూస్తే తేలిగ్గా దొరుకుతాయి. పోల్చలేదు. నేను టీచర్ని, కాపీ కొట్టను. నా కాగితం ఒక్కటే పెట్టుకుని, మీ బాబాయి స్క్రూలు దులిపేసి కిటికీ అట్ట తెచ్చుకుని, ఒక్కో పీరియడూ పైకి చదువుతూ. "సోమవారం ఒకటో పీరియడ్. తొమ్మిది ఎక్కడ? తొమ్మిది ఎనిమిదో తరగతిలో. ఇంకెక్కడైనా ఉందా? లేదు." రోజుకి నలభై నిమిషాలు, మాత్ర పనిచేసే వేళ చూసుకుని. ఇరవై రెండు రోజులు.

తొమ్మిది పట్టుకున్నాను.

తొమ్మిదోది దొరికినప్పుడు కేక పెట్టాను. మీ బాబాయి పెరట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. పెరటిదాకా వినపడింది నా గొంతు!

సంతోషించకు. స్కోర్లు పెద్దగా మారలేదని ఆ పిల్ల చెప్పింది. నడిస్తే శుక్రవారం ఇంకా రావడంలేదు. తప్పుల్లేకుండా వెయ్యడం ఇంక నావల్ల కాదని ఈ కాగితమే చెప్పింది. కానీ నా తప్పు నాకు కనిపిస్తోంది. మే నెలలో నాకివ్వాల్సినది అదే.

మిగతా రెండూ చెప్పకు.

పిన్ని


ప్రూఫుల గది
అక్టోబరు 12

చెప్పను పిన్నీ. ఒట్టు.

పదకొండోది దొరక్కపోతే మాత్రం బాధపడకు. అది తప్పులా కనిపించదు.

జడల


ఇల్లు, ముందుగది
నవంబరు 26

జడలమ్మా,

పదోది ఒక మధ్యాహ్నం, మబ్బు పట్టి వెలుగు తగ్గి కళ్ళు చికిలించుకుంటుంటే దొరికింది. శనివారం ఏడో తరగతికి లెక్కలే లేవు. సున్నాల సారుకి చెబితే "ఆ తప్పు ఉంచేస్తే పిల్లలు మిమ్మల్ని ఎత్తుకుని ఊరేగించేవాళ్ళు" అన్నాడు.

పదకొండోదాని కోసం కాగితం మూడుసార్లు మొదట్నించి చివరిదాకా చదివాను. కనబడలేదు. ఇది లెక్క తప్పేమో, నువ్వే తప్పు లెక్కపెట్టావేమో అనుకున్నాను.

పోయిన గురువారం టైంటేబులు ఒప్పజెప్పేశాను. ఎవరూ అడగలేదు, నేనే. ఇరవై రెండేళ్ళ చార్టులూ ఒక సంచిలో వేసి సున్నాల సారు బల్లమీద పెట్టాను. ఆయన రెండు చేతులతో తీసుకున్నాడు. పెన్సిలు పట్టుకుని నంబర్ల జాబితా ఒక్కోటీ అడుగుతూ రాసుకుంటున్నాడు. ఒకటి, హెడ్మాస్టరుగారు. రెండు, మూడు. తర్వాత ఆగి, "మేడమ్, నాలుగు ఎవరు?" అన్నాడు. ఆయన వచ్చి నాలుగేళ్ళే కదా, ఆయనకేం తెలుసు.

"ఎవరూ లేరు, ఖాళీ" అన్నాను.

"అయితే భూగోళం అమ్మాయికి ఇచ్చెయ్యనా? ఇరవై మూడు దాకా సాగదియ్యడం ఎందుకు?"

ఆగు. చెప్పు. చాలాసేపు ఆగానే జడలమ్మా. బయట ఎవరో పిల్ల బకెట్టు ఈడ్చుకుంటూ వెళ్ళిన చప్పుడు వినపడింది. తర్వాత "ఇచ్చెయ్యండి" అన్నాను. పైకే, వినపడేలాగే అన్నాను. పేకముక్కల పిల్ల అక్కడుంటే మార్కులు వేసేది. పాత నియమం వదిలాను.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా కాగితం తీశాను. కిటికీ అట్ట అక్కర్లేకపోయింది. సోమవారం, రెండో పీరియడ్, ఆరో తరగతి, భూగోళం. అక్కడ నాలుగు ఉంది. మొదటి పీరియడ్ లీజర్.

నాలుగుసార్లు ఆ గడి చదివి ముందుకు వెళ్ళానే. తప్పనిపించలేదు. ఎలా అనిపిస్తుంది? ఖాళీ చార్టు పరిచి నేను ఎప్పుడూ మొదట నింపే గడి అదే. ముందు అక్కకి లీజర్ ఇచ్చి, నీ జడలయ్యాక క్లాసు వేసి, ఆ తర్వాతే మిగతా స్కూలు. మార్చిలో పెన్సిలు పట్టుకోగానే చెయ్యి నన్ను అడక్కుండా అక్కడికే వెళ్ళుంటుంది. ముప్పై ఒక్క రోజులు మీ అమ్మ బతికే ఉంది నా బల్లమీద. నాకు తెలియనే లేదు.

నీకు తెలిసింది. ఆ ప్రూఫుల గదిలో, పొట్టికాలి కుర్చీలో కూర్చుని, నువ్వొక్కదానివే ఆ నాలుగు చూశావు. చూసి, దాని స్థానంలో ఇరవై మూడు రాశావు. ఏ చేత్తో రాశావే? ఆరేళ్ళ తర్వాత మళ్ళీ ఒకసారి పంపించి రావడం లాంటిదే కదా అది. ఆ వెంటనే నాకు "అద్దంలా ఉంది" అని నవ్వుతూ ఉత్తరం రాశావు.

కోపం లేదు. ఉంటే ఒక్కటే. గుర్తు పెట్టి పంపించి ఉంటే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం. నువ్వు మే నెలలో ఒక్కదానివే ఏడ్చావు, నేను నవంబరులో ఒక్కదాన్నే. పక్కగదిలో తూకం మిషను చప్పుడు కూడా ఆగిపోయింది, ఆయన లోపలికి రాలేదు. ఎంత పొదుపరులమే మనం, ఒకే ఏడుపుని ఆర్నెల్లు దాచుకున్నాం.

సెలవు దొరికితే రా. పన్నెండు వారాలూ పూర్తయ్యాయి, ఇంకో పన్నెండుకి పేరు రాయించుకున్నాను. ఏ తప్పూ నా వెనక దిద్దకు. టీ చేదుగా ఉంటే చేదుగా ఉందని చెప్పు.

చార్టు తిరిగి పంపుతున్నాను, నీ పెట్టెలో ఉంచుకో. పది తప్పులకీ ఎర్ర గుర్తులు పెట్టాను, మీ పెద్దాయనకి చూపించు. పదకొండోదానికి వేరే గుర్తు పెట్టాను, ఫిబ్రవరిలో నువ్వు భలే నచ్చిందని రాసినదే. నాలుగు కింద చుక్కలు. చెయ్యి ఆగక కొన్ని చుక్కలు గీతలయ్యాయి, ఒకటి పక్క గడిలోకి పోయింది. చుక్కలే అనుకో.

ఈ కాగితం స్కూలుకి వెళ్ళదు కదా. దీనివల్ల ఏ క్లాసులోనూ పిల్లలు టీచరు కోసం ఎదురుచూస్తూ కూర్చోరు.

పిన్ని